స్లిప్ టెస్టుకీ క్యారల్స్‌కీ మధ్య ఒక ఇల్లు

గుంటూరులో డిసెంబర్ వచ్చిన సంగతి క్యాలెండర్ కంటే ముందు డాబాలే చెప్పేస్తాయి. ఒక్కో డాబా మీద వెదురు గడ కట్టి, దాని కొసన రంగు కాగితం స్టార్ వేలాడదీస్తారు. సాయంత్రం ఆరు దాటితే పేట పేటంతా ఎరుపు, పసుపు, నీలం. రాత్రి తొమ్మిది దాటాక వీధి చివర డోలక్ మోగిందంటే క్యారల్స్ బ్యాచ్ వచ్చేసినట్టే. కుక్కలు మొరుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, నిద్ర కళ్లతో పిల్లలు బయటికొస్తారు. చూడ్డానికి చాలా బాగుంటుంది.

అయితే అదే వీధిలో పొద్దున ఏడున్నరకి స్కూల్ వ్యాన్ హారన్ కూడా మోగుతుంది. రాత్రి పన్నెండున్నరకి ఇల్లు చేరిన పిల్లాడే ఆ వ్యాన్ ఎక్కాలి. క్రిస్మస్ ఫొటోల్లో కనిపించని సంగతి ఇదే. అందుకే ఈసారి ఒక ఇంట్లో డిసెంబర్ 15 సోమవారం నుంచి 21 ఆదివారం దాకా ఏం జరిగిందో రాస్తున్నా. ఆ ఇల్లు మా అక్కవాళ్లదే. పేర్లు రాయనని మాటిస్తేనే ఒప్పుకున్నారు. మా పెద్దోడైతే రెండుసార్లు ఒట్టు వేయించుకున్నాడు.

అక్క ఒక ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సు. ఆ వారం నైట్ డ్యూటీలు. బావ ఆర్టీసీలో కండక్టర్. పెద్దోడు పదో తరగతి, చిన్నది నాలుగు. ఇంటిని నడిపించేది మాత్రం వాళ్ల నాయనమ్మ. నేను హైదరాబాద్ నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వారం ముందే దిగాను. వర్క్ ఫ్రమ్ హోమ్ అని పేరే కానీ, ఆ ఇంట్లో వర్క్ ఎక్కువ, హోమ్ ఎక్కడుందో వెతుక్కోవాలి.

అక్క ఫోన్‌లో రెండు వాట్సాప్ గ్రూపులు నిమిషం ఖాళీ లేకుండా మోగుతుంటాయి. ఒకటి స్కూల్ గ్రూపు: "రేపు మ్యాథ్స్ స్లిప్ టెస్ట్", "ఫీజు బ్యాలెన్స్ ఉన్నవాళ్లు గమనించగలరు", "శుక్రవారం పిల్లల్ని శాంటా డ్రెస్‌లో పంపాలి". రెండోది చర్చి గ్రూపు: "వందనాలు, ఈరోజు ప్రాక్టీస్ ఏడింటికి", "వందనాలు, సీరియల్ లైట్లకు చందా ఇవ్వనివారు దయచేసి", "వందనాలు, గొర్రెల కాపరులకు దుప్పట్లు కావాలి". ఒక రాత్రి హాస్పిటల్లో డ్యూటీలో ఉండి అక్క స్కూల్ గ్రూపులో "వందనాలు సార్" అని పెట్టేసింది. అటునుంచి "నోటెడ్ మేడమ్" అని వచ్చింది.

సంతకం ఎవరిది?

సోమవారం సాయంత్రం స్కూల్ నుంచి ఫోన్. "రేపు పొద్దున ఒకసారి వచ్చి కలవండి మేడమ్" అన్నారు. ఎందుకని అడిగితే, "రండి, మాట్లాడదాం" అన్నారు. ఈ "రండి, మాట్లాడదాం" ఉంది చూశారూ, తల్లిదండ్రులకు రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. అక్కకు ఎటూ నైట్ డ్యూటీ కాబట్టి ఆ బాధ లేదు. పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి, యూనిఫాం మీద చున్నీ కప్పుకుని అట్నుంచటే స్కూలుకి వచ్చింది. నేను గేటు దగ్గర కలిశాను. ఇన్‌చార్జ్ గది బయట కుర్చీలో కూర్చుని అక్క రెండు నిమిషాలు కునుకు తీసింది కూడా.

లోపల విషయం ఏంటంటే, వాడికి మ్యాథ్స్ టెస్టులో 25కి 9 వచ్చాయి. మూడు వారాలుగా ఆఖరి పీరియడ్‌లో నిద్రపోతున్నాడు. వాణ్ని ఎ సెక్షన్ నుంచి సి సెక్షన్‌కి మార్చారు.

"సెక్షన్ మార్చాం కదా మేడమ్, మెసేజ్ పెట్టాం కూడా. మార్కుల షీట్ మీద సార్ సంతకం ఉంది చూడండి" అని కాగితం ఇటు తిప్పారు ఇన్‌చార్జ్.

మా బావ సంతకం తెలుగులో పెడతాడు. ముగ్గురు పట్టేంత పొడుగు. ఆ కాగితం మీద ఇంగ్లిష్‌లో నీట్‌గా ఒక సంతకం ఉంది. అక్క ఆ కాగితం వంక చూసింది. నేను అక్క వంక చూశాను. ఐదు సెకన్లు గడిచాయేమో.

"అవునండీ, చూశాం" అంది అక్క.

ఇన్‌చార్జ్ మాటల్లో కోపం లేదు. ఆయన కష్టం ఆయనది. పదో తరగతి అంటే ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు, మార్చిలో పరీక్షలు. రిజల్ట్ తగ్గితే అడిగేది ఆయన్నే. "ఈ క్రిస్మస్ ప్రాక్టీసులు, క్యారల్స్ ఆపించండి మేడమ్. మార్చి అయ్యాక ఎన్ని పాటలైనా పాడుకోవచ్చు. ఈ ఆదివారం నుంచి పొద్దున తొమ్మిదికి స్టడీ అవర్స్ పెడుతున్నాం. కంపల్సరీ." ఆదివారం పొద్దున తొమ్మిది! చర్చిలో ఆరాధన సరిగ్గా అదే టైమ్‌కి. అక్క ఏమీ అనలేదు, తల ఊపి లేచింది.

ఆటోలో ఇంటిదాకా ఒక్క మాట లేదు. దిగేటప్పుడు మాత్రం, "వాడి సంతకం వాళ్ల నాన్న సంతకం కంటే బాగుంది కదే" అంది. నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. వాడు లేచేది ఐదున్నరకి. వ్యాన్ ఏడున్నరకి. క్లాసులు, ఆ తర్వాత స్టడీ అవర్, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. తిని హోంవర్క్ ముగించి తొమ్మిదికి క్యారల్స్‌కి పరుగు. పన్నెండున్నరకి తిరిగొచ్చి పడుకునేసరికి ఒంటిగంట. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. ముందు వారంలో ఇలాంటి రాత్రులు నాలుగు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. కాబట్టి తప్పంతా స్కూల్ మీదకి నెట్టేస్తే కుదరదు. వాడి రోజులో పొద్దున్నుంచి రాత్రిదాకా స్కూల్ తినేస్తే, మిగిలిన రాత్రిని చర్చి తినేసింది. ఇద్దరూ కలిసి పిల్లాణ్ని పంచుకున్నారు, అంతే.

రాత్రి తొమ్మిదిన్నర పంచాయితీ

ఆ మంగళవారం రాత్రి బావ డ్యూటీ దిగి టికెట్ మెషీన్ అప్పజెప్పి ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. అక్క డ్యూటీకి బయల్దేరాలి, అరగంట పర్మిషన్ పెట్టింది. పెద్దోడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బావ విన్నాడు, కాగితం చూశాడు, సంతకం చూశాడు. మొహం ఎర్రబడింది.

"ముందు ఆ ప్యాడ్ తీసి అటక మీద పెట్టు."

ప్యాడ్ అంటే రిథమ్ ప్యాడ్. ఇప్పుడు మన చర్చిల్లో కీబోర్డు పక్కన అది లేనిదే పాట లేదు. మా వాడు రెండేళ్లుగా దాన్ని వాయిస్తున్నాడు. యూట్యూబ్ చూసి నేర్చుకున్నాడు. అంతకుముందు వాయించే అబ్బాయి ఇంటర్‌కని విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోతే, ఆ స్టూలు మీద వీణ్ని కూర్చోబెట్టారు.

అప్పటిదాకా నోరు మెదపని వాడు అప్పుడు మాట్లాడాడు. "సి సెక్షన్‌లో డౌట్ అడిగితే 'పాస్ మార్కులు వచ్చేదాకా చూసుకోరా, నీకవన్నీ ఎందుకు' అంటారు నాన్నా. నేను క్లాసులో ఉన్నానో లేదో కూడా ఎవరికీ పట్టదు. చర్చిలో అయితే, నేను పది నిమిషాలు లేటైతే ఫోన్ చేస్తారు."

ఇల్లంతా నిశ్శబ్దం. సెక్షన్ మార్చిన మెసేజ్ బావ ఫోన్‌కే వచ్చింది. రాత్రిపూట ఆ ఫోన్ పిల్లాడి చేతిలోనే ఉంటుంది కాబట్టి డిలీట్ చేశాడు. మార్కుల కోసం కాదట, సి సెక్షన్ అని ఇంట్లో తెలియకూడదని. మూడు వారాలు ఆ మాట లోపల పెట్టుకునే తిరిగాడు. ఎ సెక్షన్ నుంచి సి సెక్షన్‌కి మధ్య ఉన్నది ఒక మెట్ల వరసే. పదిహేనేళ్ల వాడికి ఆ మెట్లు దిగడం ఎంత కష్టమో, ఆ సెక్షన్లు పెట్టిన పెద్దలెవరైనా ఒకసారి దిగి చూస్తే తెలుస్తుంది.

బావ ఇంకా ఏదో అనబోయాడు. మూలన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న నాయనమ్మ అందుకుంది.

"ఒరేయ్, నువ్వు మాత్రం మార్చిలో గట్టెక్కావా? సెప్టెంబర్‌లో కట్టావు కదరా లెక్కలు!"

పిల్లలిద్దరికీ ఈ సంగతి తెలియదు. చిన్నది "సెప్టెంబర్‌లో ఏం కట్టావు నాన్నా?" అని అడిగింది. బావ సమాధానం చెప్పకుండా స్నానానికి వెళ్లిపోయాడు. ఆ తరం వాళ్లకు సెప్టెంబర్ పరీక్ష అంటే ఏంటో తెలుసు. బావ కోపంలో సగం ఆ భయమే. తన లెక్కల పేపర్ మళ్లీ కొడుకు చేతిలో కనిపించింది ఆయనకి.

అయ్యగారి దగ్గర జాబితా

బుధవారం పొద్దున డ్యూటీ దిగి, నిద్ర కూడా పోకుండా అక్క నేరుగా పాస్టర్ గారింటికి వెళ్లింది. ఇక్కడ లూథరన్ సంఘాల్లో పాస్టర్‌ని 'అయ్యగారు' అంటారు.

గుంటూరు సంగతి కొంచెం చెప్పుకోవాలి. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ ఈ ఊరికి వచ్చింది 1842లో. ఆయన ఇక్కడ ప్రార్థనలతో పాటు బళ్లు కూడా మొదలుపెట్టాడు. ఆ మిషన్ కట్టిన ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ, మన ఏసీ కాలేజీ, 1885 నాటిది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టింది. అంటే ఈ ఊళ్లో చర్చి, బడి ఒకే కాంపౌండ్‌లో పెరిగిన అన్నదమ్ములు. మా నాయనమ్మ చిన్నప్పుడు మిషన్ స్కూల్లో చదివింది. స్కూల్ గంటా చర్చి గంటా ఒకరే కొట్టేవారంటుంది. ఇప్పుడు ఆ ఇద్దరు అన్నదమ్ములూ ఒక పిల్లాడి ఆదివారం కోసం చెరో చెయ్యి పట్టుకు లాగుతున్నారు.

ఇప్పటికీ మిషన్ స్కూళ్లకు క్రిస్మస్‌కి ఎక్కువ సెలవులుంటాయి, సంక్రాంతికి తక్కువ. మిగతా స్కూళ్లకు సంక్రాంతి సెలవులు ఎక్కువ, క్రిస్మస్‌కి 25 ఒక్కరోజే. తెలంగాణలో అయితే 26 కూడా సెలవు. మెదక్‌లో ఉండే బావ వాళ్ల తమ్ముడు ప్రతి ఏడూ ఈ విషయం ఫోన్ చేసి మరీ చెబుతాడు. వాళ్ల మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబర్ 25న అనీ, గోపురం 170 అడుగుల పైమాటే అనీ కూడా చెబుతాడు. మేం అడక్కపోయినా సరే.

సరే, అయ్యగారి దగ్గరకొద్దాం. అక్క అడిగింది ఒకటే: టెన్త్, ఇంటర్ పిల్లలు రాత్రి పదికల్లా ఇంట్లో ఉండాలి. అయ్యగారు కాగితం తీశారు. ఇంకా వెళ్లాల్సిన ఇళ్లు నూట నలభై. ఉన్నవి నాలుగు రాత్రులు. ఒక్క ఇల్లు వదిలినా, "మా ఇంటికి రాలేదేం అయ్యగారూ" అని ఈస్టర్ దాకా అంటారు. ప్రతి ఇంట్లో ఒక పాట, ఒక ప్రార్థన, కేకు ముక్క, టీ. నాలుగో ఇంటికే గొంతులు టీతో నిండిపోతాయి. క్యారల్స్‌లో వచ్చిన కానుకలతోనే పేదవాళ్లకు దుప్పట్లు, బట్టలు పంచేది. అదీ నిజమే కాబట్టి తీసేయడానికి లేదు.

అక్కడే ఉన్న సంఘపెద్ద ఒకాయన, "మా రోజుల్లో తెల్లారేదాకా తిరిగేవాళ్లం అమ్మా" అన్నాడు.

"మీ రోజుల్లో స్టడీ అవర్స్ ఉన్నాయా అన్నా?" అంది అక్క.

ఆయన నవ్వేశాడు. చివరికి తేల్చింది ఇదీ. ఎవరు దొరికితే వాళ్లతో సాయంత్రం ఆరున్నరకే మొదలుపెట్టాలి. పదింటికి పరీక్షల పిల్లలందర్నీ ఎవరో ఒకరు ఇంటి దగ్గర దింపాలి. వీధికి ఒక ఇంటి ముందు అందరూ చేరితే అక్కడే పాడాలి, ఇంటింటికీ వద్దు. ఈ మూడోది ఒప్పుకోవడానికి మాత్రం అయ్యగారికి చాలాసేపు పట్టింది. ఇక మా వాడు ఆ వారం క్యారల్స్‌కి పూర్తిగా సెలవు. శనివారం సెమీ క్రిస్మస్‌కి మాత్రం ప్యాడ్ వాయిస్తాడు.

మరి గురువారం రాత్రి వాయించేదెవరు? ప్రశ్న చర్చి గ్రూపులో పడింది. గంటసేపు అందరూ "ప్రార్థిస్తున్నాం" అనే పెట్టారు. అప్పుడు బావ దగ్గర్నుంచి ఒక మెసేజ్: "గురువారం నాకు వీక్లీ ఆఫ్. డోలక్ ఉంది." పెళ్లికి ముందు బావ క్యారల్స్ బ్యాచ్‌లో డోలక్ వాయించేవాడట! నాకు తెలియదు. పదిహేనేళ్ల మరదల్ని, నాకే తెలియదు. గురువారం సాయంత్రం దుమ్ము దులిపి తాళ్లు బిగించి బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి అరచేతులు వాచిపోయాయి. అక్క కొబ్బరినూనె రాస్తుంటే పెద్దోడు పక్కన నిలబడి, "మూడో పాటలో స్పీడ్ అయిపోయావంట కదా నాన్నా, అన్నయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు" అన్నాడు. వారంలో మొదటిసారి వాళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం అది.

పొత్తి గుడ్డలు అంటే ఏంటి నాయనమ్మా?

పెద్దోడి గొడవలో పడి చిన్నదాన్ని మర్చిపోయాం అనుకోకండి. అది మర్చిపోనివ్వదు. సెమీ క్రిస్మస్ నాటకంలో అది దేవదూత. లూకా సువార్త 2వ అధ్యాయంలోంచి వాక్యాలు కంఠతా చెప్పాలి. సమస్య ఏంటంటే, అది చదివేది ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ముప్పై సెకన్లలో చెప్పాల్సిన వాక్యం మూడు నిమిషాలు పడుతోంది. అందుకని అది తెలివిగా ఆ వాక్యాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని బట్టీ కొడుతోంది. మీలో చాలామంది ఇదే పని చేసి ఉంటారు, నాకు తెలుసు.

నాయనమ్మకు ఆ కాగితం కనిపించింది. చించలేదు, తిట్టలేదు. తన పెద్దక్షరాల బైబిల్ ఒళ్లో పెట్టుకుని, అరిసెల పిండికి బియ్యం ఏరుతూ, పక్కన కూర్చోబెట్టుకుంది. రోజుకి రెండు వాక్యాలు, వేలు పెట్టి చదవాలి. తెలుగు బైబిల్ భాష పాతది. పెద్దవాళ్లకే కొన్ని మాటలు తడుముకోవాలి.

"పొత్తి గుడ్డలు అంటే ఏంటి నాయనమ్మా?"

"నువ్వు పుట్టినప్పుడు నా పాత నేత చీర చింపి నిన్ను చుట్టాం చూడు, అవి."

"సత్రం అంటే?"

"ఓయో అనుకో." ఓయో సంగతి నాయనమ్మకు ఎవరు చెప్పారో నేను అడగలేదు.

శుక్రవారం స్కూల్లో శాంటా డ్రెస్. క్లాసులో ముప్పై మంది శాంటాలు, అందులో ముగ్గురో నలుగురో క్రిస్టియన్ పిల్లలు. అద్దె షాపుకి వెళ్తే సైజులన్నీ అయిపోయాయి, మిగిలింది ఏడో తరగతి సైజు. ప్యాంటు రెండు మడతలు పెట్టి పిన్నీసులు గుచ్చాం. గుంటూరు మధ్యాహ్నం ఎండలో దూది గడ్డం పెట్టుకుని నిలబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఫొటో దిగిన రెండో నిమిషంలో గడ్డం పీకి బ్యాగులో పెట్టేసిందట. శనివారం దేవదూతకు కావాల్సిన రెక్కలు ఇంకా రెడీ కాలేదు. థర్మోకోల్ షీట్ మీద నేను గీసిన రెక్కలు చూసి అది, "పిన్నీ, ఇవి కోడివి" అంది. మళ్లీ గీశాను. అంచులకు చమ్కీ అంటించాం. ఆ చమ్కీ ఇప్పటికీ నా ల్యాప్‌టాప్ కీల మధ్య ఉంది.

ఆ రాత్రే బావ డ్యూటీ నుంచి వచ్చి డాబా మీద స్టార్ కట్టాడు. ఆలస్యం అయిందని పక్కింటి సుబ్బరంగా బొట్టు పెట్టుకునే ఆంటీయే అడిగింది: "ఏమ్మా, ఈసారి మీ స్టార్ ఇంకా లేవలేదేంటి?" వాళ్లింటికి మా అరిసెలు వెళ్తాయి, సంక్రాంతికి వాళ్ల గిన్నె తిరిగి నిండి వస్తుంది. గిన్నె ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

స్టార్ ఎంత ఎత్తులో ఉంది?

గురువారం నుంచే పెద్దోడికి కొత్త పంతులు దొరికాడు. చర్చిలో కీబోర్డు వాయించే అన్నయ్య బీటెక్ మూడో ఏడు. పదింటికల్లా పడుకోవాలన్న షరతు మీద, ఎనిమిదిన్నర నుంచి ముప్పావుగంట మా ఇంటికే వచ్చాడు. మొదటిరోజు చూశాక నాతో అన్నాడు: "వీడికి లెక్కలు రాకపోవడం కాదక్కా. ట్రిగనామెట్రీ మొదలైన వారంలో సెక్షన్ మార్చారు. మధ్యలో రెండు క్లాసులు పోయాయి. అక్కణ్నుంచి అంతా గాల్లో ఉంది."

చూడండి, అంత చిన్న కారణం! మూడు వారాల నిద్ర, దొంగ సంతకం, డిలీట్ చేసిన మెసేజ్, అన్నింటి కిందా ఉన్నది రెండు క్లాసులు. స్కూల్లో ఎవరైనా ఒక్కసారి నోట్‌బుక్ తెరిచి చూసినా కనిపించేది. ఇంట్లో మేం చూసినా కనిపించేదే.

శుక్రవారం రాత్రి ఇద్దరూ డాబా ఎక్కారు. వీధి చివర చర్చి గోపురం మీద పెద్ద స్టార్ వెలుగుతోంది. "దాని ఎత్తు చెప్పు" అన్నాడు అన్నయ్య. కిందకి దిగి చర్చి గేటు దాకా వెళ్లారు. గోపురం మొదట్నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచారు. స్టార్ వైపు చూసే చూపు సరిగ్గా నలభై ఐదు డిగ్రీలు అయ్యే చోట ఆగాలి. దానికి కాగితాన్ని మూలకు మూల కలిపి మడిచి, ఆ అంచు వెంబడి చూశారు. నలభై ఐదు డిగ్రీలకు ట్యాన్ విలువ 1 కాబట్టి, గోపురం నుంచి నువ్వు నిలబడ్డ దూరం ఎంతో, నీ కంటి మట్టం నుంచి స్టార్ ఎత్తు అంతే. దానికి కంటి మట్టం కలుపుకోవాలి. మా వాడు లెక్క కట్టి అరవై నాలుగు అడుగులు అన్నాడు. లైట్లు కట్టిన ఎలక్ట్రీషియన్‌ని అడిగితే, "అరవై దాకా ఉంటుంది బాబూ, నా నిచ్చెన లెక్క" అన్నాడు. వాడి మొహం చూడాలి అప్పుడు.

శనివారం, ఆదివారం

శనివారం సాయంత్రం స్కూల్లో స్పెషల్ టెస్ట్. సెమీ క్రిస్మస్ ఆరింటికని కార్డులో వేశారు. మన కార్యక్రమాలు కార్డు చూసి మొదలవ్వవు కాబట్టి బతికిపోయాం. ఏడు ముప్పావుకి మొదటి పాట. బావ బండి మీద వాణ్ని స్కూల్ దగ్గర్నుంచి నేరుగా తీసుకొచ్చేసరికి ఎనిమిది దాటింది. యూనిఫాం తోనే వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ఎవరో టై లాగి పక్కన పెట్టారు. టెస్ట్ ఎలా రాశావని మేమెవరం అడగలేదు, అక్క ముందే మా అందరికీ వార్నింగ్ ఇచ్చింది.

నాటకంలో గొర్రెల కాపరులు హాస్పిటల్ దుప్పట్లలాంటి గళ్ల దుప్పట్లు కప్పుకొచ్చారు. ముగ్గురు జ్ఞానుల్లో ఒకడి కిరీటం ఊడి కింద పడితే, రెండోవాడు తీసి తన దాని మీదే పెట్టుకున్నాడు. మా దేవదూత ఒక రెక్క కొంచెం వాలిపోయి ఉండగా స్టేజీ ఎక్కింది. చేతిలో కాగితం లేదు. మొదటి రెండు వాక్యాలు గడగడా చెప్పేసింది. మూడోదాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయింది. మైకులో దాని ఊపిరి వినిపిస్తోంది. ముందు వరసలో నాయనమ్మ పెదాలు కదిపింది కానీ శబ్దం రానివ్వలేదు. పిల్ల పైకి చూసి, ఆ మాటను అక్షరం అక్షరం గాల్లో చదువుతున్నట్టు కూడబలుక్కుని చెప్పింది. చెప్పి, "వచ్చింది!" అని మైకులోనే అనేసింది. చర్చి అంతా నవ్వులు.

ఇక ఆదివారం. ఇన్‌చార్జ్‌కి అక్క ముందురోజే ఉత్తరం రాసింది. మెసేజ్ కాదు, కాగితం మీద. ఆదివారం ఆరాధన అయ్యాక పన్నెండింటికి బాబును పంపిస్తామనీ, సి సెక్షన్‌లో పోయిన రెండు క్లాసుల సంగతీ, మళ్లీ ఎ సెక్షన్‌కి మార్చమని అడగడం లేదు కానీ వాడు డౌట్ అడిగితే చెప్పాలనీ. కింద అక్క సంతకం. దాని పక్కన బావ సంతకం, తెలుగులో, పొడుగ్గా. ఇన్‌చార్జ్ గారు రెండూ చూసి ఏమనుకున్నారో తెలియదు. "మీ ఇష్టం మేడమ్. రేపు రిజల్ట్ తేడా వస్తే మమ్మల్ని అనకూడదు" అన్నారు ఫోన్‌లో. ఆ తర్వాత కొంచెం ఆగి, "లెక్కల సార్‌తో మాట్లాడతాను" అన్నారు. మాట్లాడారో లేదో ఇంకా చూడాలి.

పన్నెండుకి ఆరాధన అయింది. చర్చి బయట అందరూ ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటుంటే, బావ బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టాడు. పెద్దోడు క్యారేజీ, మ్యాథ్స్ బుక్కు పట్టుకుని వెనక ఎక్కాడు. శనివారం టెస్ట్ మార్కులు సోమవారం ఇస్తారట. ఇంట్లో నాయనమ్మ అప్పటికే అరిసెలకు బియ్యం నానబోసింది. బెల్లం ఇంకా రెండు కిలోలు తక్కువట, వచ్చేటప్పుడు తెమ్మని బావకు ఫోన్ చేయమంటోంది నన్ను.